పిక్కలు విన్న లీడు

పాట మధ్యలో గిటారు ఒక్కటే పాడే లీడు మా బావ అందుకుంటే గోడ గడియారం ముల్లు ఆగి మరీ వినేదని నేను చెప్పినప్పుడల్లా మా చెల్లెలు అడ్డం వస్తుంది. "అన్నయ్యా, ఆ గడియారానికి ఎవరూ కీ ఇవ్వలేదు," అంటుంది. సొంత మొగుడి గొప్పతనం చెబుతుంటే కూడా ఓర్వలేని మనిషి. డ్రమ్ములు వాయించేవాళ్ళు అంతే, లెక్క తప్పితే నిద్ర పట్టదు వాళ్ళకి.

గడియారం సంగతి పక్కన పెట్టండి. ఆంప్లిఫయరు సంగతి మాత్రం నేను ఎక్కడైనా నిలబడి చెబుతాను. వాల్వులతో నడిచే పాతకాలపు పెట్టె అది. ఎత్తితే నడుము పట్టేస్తుంది, దించితే కాలివేళ్ళు నలుగుతాయి. స్విచ్చి వేయగానే పలకదు. వెనక వాల్వులనే ఆ గాజు బుడ్లు మెల్లగా నారింజ రంగుకు తిరిగి, ఒళ్ళు వేడెక్కాక గానీ నోరు తెరవదు. పొద్దున కాఫీ పడని పెద్దమనిషిని పలకరించినట్టే ఉంటుంది వ్యవహారం. వాల్యూమ్ తక్కువలో పెడితే గిటారు బడిపిల్ల పాఠం అప్పజెప్పినట్టు పొడిపొడిగా మోగుతుంది. పెంచుకుంటూ పోతే ఒక చోట వాల్వులకు ఆయాసం మొదలవుతుంది. అక్కడుంది మజా. మీటిన స్వరం చిక్కబడుతుంది, అంచుల్లో కరుకుదనం అరిగి గుండ్రమవుతుంది, తీగ మీద వేలు ఉంచితే చాలు, విడిచిపెట్టకుండా పాడుతూనే ఉంటుంది. దాన్నే లీడు టోను అంటారు. గిటారు పట్టినవాడి ప్రాణం అక్కడే కొట్టుకుంటూ ఉంటుంది.

మా బావ ఆ చోటు పట్టుకుని, నాబుల పక్కన మా చెల్లెలి గోళ్ళరంగుతో ఎర్ర చుక్కలు పెట్టాడు. వాల్యూమ్‌కి ఒకటి, కిందిస్థాయి గుమ్మనే బాస్‌కి ఒకటి, మధ్యస్థాయి మిడిల్‌కి బాగా కిందన ఒకటి, పైస్థాయి పదునైన ట్రెబుల్‌కి పైకంటా ఒకటి. ఇంట్లో దుమ్ము దులిపేటప్పుడు కూడా ఆ చుక్కల మీద గుడ్డ గట్టిగా రాయడానికి వీల్లేదు. తరవాత బావకు చెవుల్లో హోరు పట్టుకుంది. స్పీకర్ల దగ్గరికి పోతే ఉన్న చెవులు కూడా పోతాయని డాక్టరు కేకలేశాడు. గిటారూ పెట్టే కూతురికి వచ్చాయి. మా మేనకోడలు గిటారు తగిలించకముందే వంగి, నాలుగు నాబులూ చుక్కల మీదికి తెచ్చి, అప్పుడు గానీ ఊపిరి పీల్చేది కాదు. 'నాన్న టోను' అనేది. వెంట్రుకవాసి జరిపినా ఒప్పుకునేది కాదు.

మా జట్టంతా ఇంటివాళ్ళమే. డ్రమ్ముల మీద చెల్లెలు, బాస్ గిటారు మీద నేను, కీబోర్డు మీద మా అబ్బాయి, లీడు మీద మేనకోడలు. నాది మోకాళ్ళ నొప్పి కాబట్టి కూర్చునే వాయిస్తాను. ఎక్కడికి పోయినా నా కుర్చీ నాతో వస్తుంది. చేతులు లేని చెక్క కుర్చీ, వీపు కాస్త వెనక్కి వాలి ఉంటుంది. అందులో కూర్చుంటే నేను జమీందారులా ఉంటానని నా నమ్మకం. పంటి డాక్టరు దగ్గర నోరు తెరవబోతున్నవాడిలా ఉంటానని మావాడి నమ్మకం.

వారానికోసారి జనం వచ్చి డాన్సు చేసే హాలు ఒకటుంది. అక్కడ ఏళ్ళ తరబడి వాయిస్తున్నాం. ఈమధ్య ఆ హాలు పైన ఇళ్ళు కట్టారు. ఇళ్ళలోకి మనుషులొచ్చారు, మనుషులతోపాటు ఫిర్యాదులు వచ్చాయి. దాంతో మేనేజరు తలుపు పక్కన గోడకు, మా స్టేజీకి సరిగ్గా ఎదురుగా, ఒక దీపాల పెట్టె బిగించాడు. అది చప్పుడు వింటుంది. మామూలుగా ఉంటే పచ్చదీపం, పెరిగితే పసుపు, మితిమీరితే ఎరుపు. ఎరుపు వెలిగి ఒక నిండు ఊపిరి తీసేంతసేపు ఆరకపోతే స్టేజీకి కరెంటు దానంతటదే పోతుంది.

ఆ మధ్యాహ్నం మేము సామాను దించుతుంటే మేనేజరు వచ్చి నిలబడ్డాడు. సన్నకళ్ళజోడు, నెమ్మది మాట. అరిచేవాళ్ళకి ఎలాగోలా సమాధానం చెప్పొచ్చు, నెమ్మదిగా మాట్లాడేవాళ్ళతోనే చిక్కు.

"పోయిన వారం జనం ఆడుతుండగా స్టేజీకి కరెంటు పోయింది, గుర్తుందిగా? డాన్సు చేస్తున్న ఒకాయన వేరేవాళ్ళ భార్యని పట్టుకుని నిలబడిపోయాడు. నాకు రెండు ఫిర్యాదులు."

"ఒకటి ఆ భర్తదా అండీ?" అన్నాను.

ఆయన నవ్వలేదు. "ఇవాళ సాయంత్రం కూడా అలా జరిగితే, ఇకముందు ఆ వాల్వుల పెట్టె ఈ హాల్లోకి రాకూడదు. గిటారు పాటలు కీబోర్డు మీద వాయిస్తే సరిపోతుంది. అబ్బాయి వినిపించాడు, బానే ఉంది."

మా మేనకోడలు చేతిలో వైరు చుట్ట అలాగే ఉండిపోయింది. మెల్లగా మావాడి వైపు తిరిగింది.

"ఏం వినిపించావ్ బావా?"

"ఆయనే అడిగాడే. గిటారు శబ్దం ఉందా అన్నాడు, బొత్తం నొక్కాను. అంతే."

"అంతేనా? నేను లేనప్పుడు నొక్కావా?"

"నువ్వుంటే నొక్కనిస్తావా?"

ఆ పిల్ల మావాడికి చిన్నప్పుడే 'బొత్తాల బావ' అని పేరు పెట్టింది, ఆ రోజు మళ్ళీ పెట్టింది. ఈసారి అందులో ముద్దు లేదు.

"పెట్టె రాకపోతే నేనూ రాను మావయ్యా," అంది నాతో. గొంతు పెంచలేదు. తండ్రి పోలిక. ఈ పిల్ల అన్న మాట మీద నిలబడే రకం. గిటారుని దాని సంచీలో పెట్టి మూసేసిందంటే మళ్ళీ తెరిపించడం మా వల్ల కాదు.

వాల్వులు వేడెక్కాయి. చుక్కల మీదికి నాబులు వచ్చాయి. పాట మొదలుపెట్టాం. పచ్చ, పచ్చ, పసుపు. లీడు దగ్గరికి వచ్చి ఆమె ఒక స్వరం సాగదీసిందో లేదో, ఎరుపు. ఊపిరి తీసుకున్నాను, అయిపోయింది. మావాడి కీబోర్డు గొంతు నొక్కినట్టు ఆగింది. నా బాస్ ఆగింది. వాల్వుల పెట్టె మాత్రం వెంటనే నోరు మూయలేదు. లోపల మిగిలిన కరెంటుతో చివరి స్వరాన్ని కాస్త ఈడ్చి, కిందికి జార్చి, మూలిగి అప్పుడు పోయింది. కళ్ళు మూసుకుని వాయించే మా చెల్లెలు ఒక్కతే ధనధనా బాదుతూ ఉంది.

"అమ్మా! కరెంటు పోయింది!"

"నాకు కరెంటెందుకే?" అంది చెల్లెలు ఆపకుండానే.

మేనేజరు చెవి రుద్దుకుంటూ వచ్చాడు. "సూదులు గుచ్చుతున్నట్టుందమ్మా ఇక్కడ. జనం వచ్చేలోగా ఏదో ఒకటి చేసుకోండి." మెయిన్ స్విచ్చి వేసి వెళ్ళిపోయాడు.

"సూదులా?" అంది మేనకోడలు. "నాకసలు ట్రెబుల్ ఆనట్లేదు. ముక్కు దిబ్బడేసినట్టు మోగుతోంది ఇక్కడ. ఆయన చెవులు చూపించుకోవాలి."

ఇక మొదలైంది తతంగం. వాల్యూమ్ తగ్గించి చూశాం. మళ్ళీ బడిపిల్ల పాఠం. ఆమె రెండు స్వరాలు మీటి, చేతిని తీగల మీద బోర్లా పెట్టేసింది. "ఇది నాన్న టోను కాదు. దీనికంటే బావ బొత్తమే నయం." ఆ మాట అంది చూశారూ, అప్పుడు భయమేసింది నాకు.

"వెనక నాలుగు పెద్ద వాల్వులున్నాయి కదా. రెండు పీకేస్తే బలం తగ్గుతుంది," అన్నాడు మావాడు.

"ఏ రెండు పీకాలో తెలుసా?" అంది చెల్లెలు.

"నెట్‌లో చూస్తా."

"నువ్వు చూసేలోగా మిగిలిన రెండూ పొగ కక్కుతాయి. దాని జోలికి పోకు."

నేను దుప్పటి కప్పుదామన్నాను. కప్పాం. కాసేపటికి ఇస్త్రీపెట్టె గుడ్డ మీద మరిచిపోయినప్పటి వాసన వచ్చింది. లాగిపారేశాం. పెట్టె మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. బయట తలుపు దగ్గర ఎవరో అప్పుడే బల్లలు జరుపుతున్నారు. మావాడు నెమ్మదిగా కీబోర్డు మీద ఆ గిటారు బొత్తం వైపు చెయ్యి చాపి, ఏమీ ఎరగనట్టు వెనక్కి తీసుకున్నాడు. నేను చూశాను. ఆమె కూడా చూసింది.

"నొక్కు బావా. అలవాటు చేసుకో," అంది.

"నేనేమన్నానే ఇప్పుడు?"

"ఇద్దరూ నోళ్ళు ముయ్యండి," అంది చెల్లెలు.

నాకు ఆలోచన రాని ప్రతిసారీ చెప్పు పట్టీ ఊడుతుంది. అది నా జాతకం. కుర్చీని లాక్కుని, పెట్టెకి కాస్త ముందుగా వేసుకుని కూర్చుని, పట్టీ పెట్టుకుందామని వంగాను. సరిగ్గా అప్పుడే ఆ పిల్ల ఒళ్ళుమండి గిటారు మీద ఒక్కటి పెళ్ళున మీటింది. నా చెవి స్పీకరుకి ఎదురుగా ఉంది. చెవిలో కంచు పళ్ళెం బద్దలైనట్టయింది. ఒక పన్ను కదిలిందని అప్పట్నుంచీ చెబుతున్నాను, ఎవరూ నమ్మడం లేదు.

కుర్చీలో వెనక్కి పడి, లేచి నిలబడ్డాను. నిలబడితే సూదులు లేవు. మెత్తగా, ముక్కు దిబ్బడేసినట్టు ఉంది. మళ్ళీ వంగాను. సూదులు.

"మీట్తూ ఉండవే!" అన్నాను. లేవడం, వంగడం. లేవడం, వంగడం.

"నాన్నకేమైంది అత్తా?" అన్నాడు మావాడు.

"ఏమే, ఇటు రా," అని మేనకోడలి చేతిలోంచి గిటారు తీసుకున్నాను. "వంగు. నీ చెవి ఇక్కడ పెట్టు, ఈ స్పీకరు గుడ్డ ముందు. కొంచెం దూరంగా."

వంగింది. మీటాను. ఆ పిల్ల చెవి మూసుకుని వెనక్కి దూకింది.

"ఇది... ఇలా ఉందా బయటికి? ఇన్నాళ్ళూ ఇలాగే ఉందా?"

"స్పీకరు ఎటు చూస్తే అటు తిన్నగా పోతుంది ఆ పదును. అది నీ మోకాళ్ళ ఎత్తులో ఉంది. నీ చెవులేమో పైనున్నాయి. నువ్వు వింటున్నది మిగిలిన ఎంగిలి. అసలుదంతా నీ కాళ్ళ పక్కనుంచి పోయి, ఎదురుగా ఆ గోడ మీది పెట్టెకి తగులుతోంది."

"అయితే ట్రెబుల్ తగ్గించాలి," అన్నాడు మావాడు.

ఆమె ఎర్ర చుక్క మీద వేలు పెట్టి అలాగే నిలబడింది. నాబు తిప్పలేదు. తలుపు దగ్గర మొదటి జంట వచ్చి కోట్లు విప్పి తగిలిస్తున్నారు.

"నాన్నకి తెలీకుండా ఉంటుందా మావయ్యా? ఊరికే పెడతాడా ఇంత పైకి?"

చెల్లెలు ఫోను తీసి, మొగుడికి కలిపి, స్పీకరు పెట్టి అరిచింది. "ఏమండీ! మీ అమ్మాయి ఏదో అడుగుతుందట! మిషను పెట్టుకోండి చెవికి!"

గరగర. తరవాత బావ గొంతు. "పెట్టుకున్నా. అరవకు."

"నాన్నా, ట్రెబుల్ చుక్క అంత పైకి ఎందుకు పెట్టావు?"

"ఏ చుక్క?"

"పెట్టె మీద. ఎర్ర చుక్క."

అవతల నవ్వు వినబడింది.

"దాని మీద కూర్చుని వాయించేవాణ్ణి కదమ్మా. మైదానాల్లో కుర్చీ ఎవడిస్తాడు? నా కాళ్ళ మధ్యలోంచి పోయేది శబ్దం. చెవులకి రావాలని ఊరికే పెంచుతూ పోయా. ట్రెబుల్ చుక్క నాది కాదే, నా పిక్కలది."

"ముందువరసలో వాళ్ళు?"

"ముందువరసలో ఎవడూ కూర్చునేవాడు కాదు. భయభక్తులనుకున్నా."

నాకు నవ్వాగలేదు. ఆమెకు మాత్రం నవ్వు రాలేదు. ఫోను దగ్గరికి లాక్కుంది. "మరి వాల్యూమ్ చుక్క?"

"అది కదపకు. వాల్వులు నోరు విప్పేది అక్కడే. తక్కినవి నువ్వెక్కడ నిలబడితే అక్కడికి పెట్టుకో. నీ చెవులతో విను." ఏదో కిందపడ్డ చప్పుడైంది. ఫోను పెట్టేశాడు.

ఆమె నా వైపు చూసింది. నా వైపంటే నా వైపు కాదు. నా కుర్చీ వైపు.

"వద్దు," అన్నాను.

"మావయ్యా."

"మోకాళ్ళే అమ్మాయ్! సాయంత్రమంతా!"

"లే నాన్నా," అన్నాడు మావాడు. ఒక పక్క వాడు పట్టాడు, ఇంకో పక్క ఆమె. ఆ రోజంతటిలో వాళ్ళిద్దరూ కలిసి చేసిన మొదటి పని అదే. పెట్టెను ఎత్తి నా జమీందారీలో కూర్చోబెట్టారు. వాలుగా ఉన్న వీపుకి ఆనుకుని అది తల ఎత్తి చూసింది. కుర్చీని పక్కకి తిప్పారు. ఇప్పుడది గోడ మీది దీపాల పెట్టెను చూడటం లేదు, గిటారు పట్టుకున్న మనిషి మొహంలోకి చూస్తోంది.

ఆమె ఒక స్వరం మీటి, మొహం చిట్లించి, ట్రెబుల్ బాగా కిందికి దించింది. మిడిల్‌ని దాని చుక్క వదిలించి పైకి తెచ్చింది. వాల్యూమ్ చుక్క మీదే ఉంచింది. ఇంకోసారి మీటి చూసుకునేలోగా మేనేజరు తలుపులు బార్లా తెరిచాడు. జనం లోపలికి వచ్చేశారు. లీడు ఒక్కసారి కూడా వాయించి చూడలేదు. దీపం ఏమంటుందో మాకు తెలియదు.

మొదలుపెట్టాం. నేను గోడకు ఒక భుజం ఆనించి నిలబడ్డాను. మొదటి పాటలన్నీ పచ్చలోనే గడిచాయి. లీడు లేని చోట తాళానికి తగ్గట్టు వాయించేటప్పుడు ఆమె గిటారు మీదున్న చిన్న వాల్యూమ్ నాబుని చిటికెనవేలితో తగ్గించి ఉంచింది. పెట్టె బుద్ధిగా ఉంది. మోకాలు పోటెత్తుతోంది, అయినా నా కళ్ళు దీపం మీంచి కదల్లేదు.

అసలు లీడున్న పాట వచ్చింది. జనం పెరిగారు, నేల మీద కాళ్ళ చప్పుడు, మాటలు, నవ్వులు. లీడు ఇంకా రాకుండానే దీపం పసుపు. మేనేజరు తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మావాడు రెండు చేతులా నిండుగా వాయిస్తున్నాడు. గిటారు కావాలన్న మధ్యస్థాయినంతా కీబోర్డే ఆక్రమించి కూర్చుంది. ఇద్దరూ ఒకే తలుపులోంచి ఒకేసారి దూరబోతున్నట్టుంది.

ఆమె చిటికెనవేలు కదిలింది. గిటారు తెరుచుకుంది. స్వరం లేచింది.

ఎరుపు.

ఊపిరి తీసుకోలేదు నేను. తీసుకుంటే అయిపోతుందని భయం. మావాడి వైపు చూశాను. వాడు దీపాన్ని చూస్తున్నాడు. వాడు చేయాల్సింది ఏమీ లేదు. చేతులు అలాగే ఉంచితే చాలు, పెట్టె బయటికి పోతుంది, లీడు వాడిదవుతుంది. ఎవరూ వాణ్ణి ఒక్క మాట అనలేరు. మీటల మీద వాడి వేళ్ళు తెల్లబడేలా నొక్కి ఉన్నాయి.

వాడు రెండు చేతులూ పైకి ఎత్తేశాడు. పోలీసు తుపాకీ చూపించినట్టు గాలిలో పెట్టుకుని నిలబడ్డాడు.

చెల్లెలు కళ్ళు తెరిచింది. కర్ర డ్రమ్ము చర్మం మీంచి అంచు మీదికి జారింది, టిక్కు టిక్కుమని. నేను బాస్ తీగని అరచేత్తో సగం నొక్కిపట్టాను.

పసుపు.

ఆ స్వరం అప్పుడు వినబడింది. సూదుల్లేవు, దిబ్బడ లేదు. చిక్కగా, వెచ్చగా, ఎవరో మన పేరు నెమ్మదిగా పిలిచి సాగదీసినట్టు. ఆమె తీగ మీద వేలిని వణికించింది, స్వరం వణుకుతూ నిలబడింది. తీగ అలసిపోవాల్సిన చోట అలసిపోలేదు. పెట్టె ఆమె మొహానికి ఎదురుగా ఉండటంతో ఆ శబ్దమే తిరిగి తీగను తడుతోంది, తీగ మళ్ళీ పాడుతోంది. డాన్సు చేస్తున్న కొందరు ఆగి స్టేజీ వైపు తిరిగారు. ఆ సాయంత్రం హాల్లో గడియారం కూడా ఆగిందని నేనంటాను. దాంట్లో బ్యాటరీ అయిపోయిందని మా చెల్లెలు అంటుంది.

దీపం మళ్ళీ ఎర్రబడలేదు.

జనం వెళ్ళాక మేనేజరు వచ్చి, కుర్చీ మీద కూర్చున్న పెట్టెను చుట్టూ తిరిగి చూశాడు. "ఇలాగే ఉంచండి," అని, కళ్ళజోడు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. అంతకంటే పొగడ్త ఆయన దగ్గర లేదనుకుంటాను.

"చేతులెందుకు ఎత్తావ్ బావా?" అంది మేనకోడలు, వైరు చుడుతూ.

"చెమట పట్టాయి. ఆరబెట్టుకున్నా."

"రెండూనా?"

"రెంటికీ పడుతుందే చెమట." వాడు కీబోర్డు సంచి జిప్పు లాగాడు. అది సగంలో ఇరుక్కుంది. ఆమె వచ్చి అటువైపు గుడ్డ పట్టుకుంది.

చెల్లెలు సంచీలోంచి గోళ్ళరంగు సీసా తీసింది. "కొత్త చుక్కలు పెట్టనా?"

"వద్దమ్మా. ప్రతి హాలుకీ నాలుగు పెడితే దానికి అమ్మవారు పోసినట్టుంటుంది," అంది మేనకోడలు.

ఆ తరవాత నాకు ఇంకో కుర్చీ కొంటామన్నారు. చూస్తున్నాను, చూస్తున్నాను. పెట్టె నా కుర్చీలో జమీందారులా వెనక్కి వాలి కూర్చుని పాడుతుంటుంది. నేను పక్కన నౌకరులా నిలబడి బాస్ వాయిస్తుంటాను. మొన్న ఒక సాయంత్రం కాళ్ళు మరీ లాగేస్తుంటే, పాటల మధ్య విరామంలో దాని అంచు మీద కాస్త ఆనుకుందామని చూశాను.

"మావయ్యా!" అంది. "దాని మీద మాత్రం కూర్చోకు."